పలకరాయి మీద కూర్చోబెట్టిన ఫైలు

డుంబ్రిగుడ సంతకి వెళ్లే దారిలో, పసుపు కొనే కాటా దాటగానే, నీలంరంగు రేకుల కొట్టొకటి కనిపిస్తుంది. దాని నుదుటిమీద 'సర్వేశ్వర జిరాక్స్ అండ్ ఆన్‌లైన్' అని పెద్దక్షరాలతో రాసుంటుంది గానీ, ఆ పేరు చెప్పి అడిగితే మీకు ఎవరూ దారి చూపించరు. "సదివే సావుకారి కొట్టు" అనాలి. అప్పుడు విస్తళ్లు కుట్టే అడ్డాకుల మోపు నెత్తిన పెట్టుకుని వెళ్తున్న ముసలమ్మ కూడా ఆగి, గడ్డంతో అటు చూపిస్తుంది.

సర్వేశ్వరరావుకి ఆ పేరు ఊరికే రాలేదు. ఆయన కొట్లో ఏ కాగితం అచ్చు తీసినా, అది రేషను కార్డు దరఖాస్తు కానీ, బ్యాంకు ఫారం కానీ, చేతికిచ్చి పంపేయడు. ముందు మొత్తం పైకి చదువుతాడు. మొదటి అక్షరం దగ్గర్నుంచి అడుగున ఉండే 'దరఖాస్తుదారుని సంతకం లేదా వేలిముద్ర' దాకా, ఒక్క ముక్క వదలకుండా. అవతలి మనిషి నిలబడి వినాలి. విని తలూపాలి. అప్పుడే సిరా డబ్బా మూత తీస్తాడు. సంత రోజున ఇరవైమంది వరసలో ఉన్నా ఇదే తంతు. "గుళ్లో పంతులుగారు కూడా ఇంత నిదానంగా సదవరు" అని ఆయన భార్య రత్నాలు ఎన్నిసార్లు సాధించిందో లెక్కలేదు.

కారణం ఉంది. ఆ కొండల్లో మనవడికి తాత పేరు పెడతారు. పోయిన మనిషే మళ్లీ వచ్చాడంటారు. దాంతో ఒకే గూడెంలో, ఒకే ఇంటిపేరుతో ముగ్గురు గాసిలు, నలుగురు బుద్రులు ఉంటారు. కొట్టు పెట్టిన తొలి రోజుల్లో ఒక గాసి పింఛను కాగితం మీద ఇంకో గాసి వేలిముద్ర పడింది. ఆ చిక్కు విప్పడానికి ఆర్నెల్లు పట్టింది. అప్పట్నుంచి సర్వేశ్వరరావు చదవకుండా ఏదీ ఇవ్వడు.

ఆయనది కొండ కింద, శృంగవరపుకోట దగ్గర పల్లె. తండ్రి సంతల్లో ఉప్పు, ఎండుచేపలు అమ్మేవాడు. ఆ ముసలాయన మోకాళ్లు మొరాయించేసరికి, ఇరవైనాలుగేళ్ల సర్వేశ్వరరావు రైలు దిగి ఉప్పు మూట భుజానికెత్తుకున్నాడు. ముప్ఫై ఏళ్ల కిందటి మాట. పనసగుడ అనే గూడేనికి మొదటిసారి తొమ్మిది కిలోమీటర్లు నడిచి వెళ్లినప్పుడు జరిగింది ఇప్పటికీ చెప్పుకుంటాడు. ఆ ఊరి మొదట్లో ఒక పలకరాయి ఉంది. కొత్తమనిషి ఎవరొచ్చినా దానిమీదే కూర్చోవాలి. పొమ్మనరు, లోపలికి రమ్మనరు. మంచినీళ్లిస్తారు. ఒకరి తర్వాత ఒకరు వచ్చి అడుగుతారు. ఏ ఊరు, ఎవరి కొడుకువి, ఏ గెడ్డ, అంటే ఏ కొండవాగు, దాటి వచ్చావు, ఇక్కడ నిన్నెరిగిన మనిషెవరు. ఎవరో ఒకరు గుర్తుపట్టేదాకా ఆ రాయే నీ ఇల్లు.

పొద్దున కూర్చున్నవాడు పొద్దువాలే వేళకి కూడా అక్కడే ఉన్నాడు. నడుం విరిగిపోయింది. కోపం కూడా వచ్చింది. ఉప్పు తెచ్చినవాణ్ణి పట్టుకుని ఈ ప్రశ్నలేమిటి అనుకున్నాడు. చివరికి ఒక ముసలామె వచ్చి, మొహంలో మొహం పెట్టి చూసి, "ఉప్పు ముసలోడి గుంటడు, ఆడి కొడుకే. అదే ముక్కు" అంది. అంతే, చోడి అంబలి, అదే రాగి జావ, తెచ్చి పెట్టారు. ఆ రోజు నుంచి ఆ ఊళ్లో ఆయన్ని ఎవరూ ఏమీ అడగలేదు.

తర్వాత ఉప్పు పోయి కిరాణా వచ్చింది, కిరాణా పోయి జిరాక్సు వచ్చింది, దాని పక్కన కంప్యూటరు చేరింది. ఒక వేలితో మొదలుపెట్టి నాలుగు వేళ్లదాకా టైపింగు నేర్చాడు. కొండమీద నలభై గూడేల జనం తమ కాగితాల నకళ్లు ఆయన దగ్గరే దాచుకునేవారు. ఇంట్లో పెడితే చెదలు తింటాయి, వానకి తడుస్తాయి. సావుకారి కంప్యూటరు పెట్టెలో ఉంటే ఎప్పుడడిగినా ఉంటాయి. కుల ధ్రువీకరణలు, పోడు భూమి కాగితాలు, పెళ్లి ఫొటోలు, చచ్చిపోయినవాళ్ల ఫొటోలు, అన్నీ.

మూడేళ్ల కిందట అవన్నీ పోయాయి.

ఆ రోజూ సంతే. ఎవరో దరఖాస్తు నమూనా అంటూ పంపిన ఫైలు ఒకటి తెరవబోతే తెరమీద ఎర్ర హెచ్చరిక వచ్చింది. వరస రోడ్డు దాకా ఉంది. ఒకావిడ చంకలో పిల్ల గుక్కపెట్టి ఏడుస్తోంది. ఇలాంటి హెచ్చరికలు అంతకుముందు వందసార్లు వచ్చాయి, వందసార్లూ అవుననే నొక్కాడు, ఏమీ కాలేదు. ఈసారి అవునన్నా వినకపోయేసరికి విసుగొచ్చి, వైరస్‌లు రాకుండా చూసే కాపలా ప్రోగ్రామునే మొత్తం ఆపేశాడు. అరగంటలో పెట్టెలో ఉన్న ప్రతి ఫైలు పేరు చివరా ఒక వింత తోక మొలిచింది. ఏదీ తెరుచుకోలేదు. తాళం తియ్యాలంటే డబ్బు పంపమని ఇంగ్లీషులో ఒక చీటీ మాత్రం తెరమీద మిగిలింది.

ఊరందరి కాగితాలూ అక్షరం అక్షరం చదివే మనిషి, తన కోసం వచ్చిన ఆ రెండు లైన్లూ చదవలేదు. ఈ మాట ఎవరూ ఆయన్ని అనలేదు. ఆయనే అనుకున్నాడు, చాలాసార్లు.

కొట్టు మూసి వారంపాటు కొండలెక్కాడు. గూడెం గూడేనికీ వెళ్లి, మీ కాగితాలు నా చేతులతో నేనే పోగొట్టాను అని చెప్పాడు. పనసగుడ వెళ్లినప్పుడు ఊళ్లోకి అడుగుపెట్టలేదు. పలకరాయి మీద కూర్చుండిపోయాడు. పాతికేళ్లుగా తెలిసిన ఊరు అది. జనమే అక్కడికి వచ్చారు, విన్నారు. తిట్టలేదు, ఓదార్చనూ లేదు. ఇంటికొచ్చి ఆయన రెండు రోజులు అన్నం ముట్టలేదు.

ఆ తర్వాత విశాఖపట్నం నుంచి శివకుమార్ అనే కంప్యూటర్ల కుర్రాణ్ణి పిలిపించి, కొత్త పెట్టె కొని, దొరికినంత గట్టి కాపలా పెట్టించాడు. పైగా సొంతంగా ఇంకో కాపలా పెట్టుకున్నాడు. తెరకి పక్కన అట్టముక్క అంటించి, దానిమీద 'ఎర్రది వస్తే ముట్టుకోవద్దు' అని స్కెచ్చు పెన్నుతో రాసుకున్నాడు. ఎర్రది వచ్చిందంటే చాలు, కుర్చీ వెనక్కి తోసి, పెరట్లోకి వెళ్లి చన్నీళ్లతో మొహం కడుక్కుని, తిరిగొచ్చి, "అరకు వెళ్లి చేయించుకోండమ్మా" అనేవాడు. డిసెంబరు చలిలో కూడా! మంకీ టోపీ తీసి మొహం కడుక్కోవడం, మళ్లీ టోపీ పెట్టుకోవడం. రత్నాలు తువ్వాలు పట్టుకుని నిలబడి, "పామును సూసినా ఇంత బయపడరు కదండీ" అనేది. ఆమె నవ్వేది గానీ ఆమెకీ బెంగగానే ఉండేది. వచ్చే వేసవికల్లా పెట్టె అమ్మేసి కొండ దిగిపోదామని ఆయన అప్పటికే రెండుసార్లు అన్నాడు.

అలా మూడేళ్లు గడిచాక, ఒక డిసెంబరు సంత రోజున, మధ్యాహ్నం రెండు గంటలవేళ, పనసగుడ నుంచి కొర్రా గాసి వచ్చాడు.

గాసికి అరవై దాటి ఉంటాయి. ఊళ్లో ఉన్న ముగ్గురు కొర్రా గాసిల్లో ఇతను బుద్రు కొడుకు గాసి. సర్వేశ్వరరావు మొదటిసారి ఉప్పు తెచ్చినప్పుడు నీళ్ల ముంత అందించినవాడు ఇతనే. ఎవర్నైనా నువ్వనే అంటాడు. కలెక్టరు ఎదురొచ్చినా అంతే.

"సావుకారీ, నా బూమి కాయితం కావాల. ఇయ్యాలే కావాల" అన్నాడు.

విషయం చిన్నది కాదు. పోడు పట్టాల విచారణకి పై ఆఫీసు నుంచి బృందం మండలాఫీసుకి వచ్చింది. గాసికి గూడెం పైన రెండెకరాల పోడు ఉంది. తాత నరికిన చెట్టు మొద్దుల మధ్య తండ్రి చోళ్లు చల్లాడు, గాసి కాఫీ వేశాడు, మిరియం తీగ పాకించాడు. హద్దుల పటం ఈరోజు చూపించకపోతే ఆ దరఖాస్తు కొట్టేస్తారు. నాలుగ్గంటలకి బృందం జీపెక్కేస్తుంది. తన దగ్గరున్న పటాన్ని గాసి ఇంటి దూలం మీద దాచుకున్నాడు. నిన్న తీసి చూస్తే చెదలు వదిలిపెట్టిన అంచు మాత్రం మిగిలింది. ఆ అంచుని కూడా భద్రంగా అడ్డాకులో చుట్టి తెచ్చాడు.

సర్వేశ్వరరావు ఆ ముక్కని చూసి కళ్లు తిప్పుకున్నాడు. ఆ పటం రెండో నకలు ఉండాల్సింది తన పెట్టెలోనే.

అయితే మూలం వేరే చోట ఉంది. ఆరేళ్ల కిందట పనసగుడ బడిలో అనురాధ అనే టీచరమ్మ పనిచేసేది. ఆమె సెలవు రోజుల్లో నలభై రెండు కుటుంబాల భూముల చుట్టూ ఫోను పట్టుకుని తిరిగింది. ఒక్కో మలుపు దగ్గరా కొలత తీసుకుని, అన్నీ ఒక ఫైల్లో పేర్చింది. ఆ ఫైల్లో 'పటం' అని ఒక మీట ఉంటుంది. పేరు ఎంచుకుని అది నొక్కితే హద్దులు రాసిన కాగితం, దాని అడుగున గీసిన బొమ్మ, రెండూ తయారవుతాయి. మీట పనిచేస్తేనే బొమ్మ. చేత్తో గీస్తే ఆఫీసువాళ్లు ఒప్పుకోరు.

ఆ టీచరమ్మ ఇప్పుడు మారేడుమిల్లి వైపు పనిచేస్తోంది. సర్వేశ్వరరావు ఫోను చేశాడు. అదృష్టం, దొరికింది.

"నా దగ్గరుంది బాబాయ్ గారూ. ఇప్పుడే మెయిల్ చేస్తాను. చేసి లోపలి ఊరికి బయల్దేరాలి, అక్కడ సిగ్నల్ ఉండదు. ఫైలు పేరు రాసుకోండి" అని పేరు చెప్పింది. తన మెయిల్ అడ్రసూ చెప్పింది. ఆయన రెండూ చీటీమీద రాసుకుని, రాసినది ఆమెకి చదివి వినిపించాడు. ఆమె నవ్వి, సరిగ్గా ఉందని పెట్టేసింది.

పది నిమిషాల్లో ఫైలు వచ్చింది. తెరిచాడు. నలభై రెండు పేర్లూ వరసగా ఉన్నాయి. కొర్రా గాసి, తండ్రి బుద్రు. ఎంచుకున్నాడు. మీట నొక్కాడు.

తెర పైభాగాన ఎర్రపట్టీ పరుచుకుంది.

సర్వేశ్వరరావు కుర్చీ వెనక్కి తోశాడు. రత్నాలు తువ్వాలు కోసం చెయ్యి చాపింది. కానీ ఈసారి ఆయన పెరట్లోకి వెళ్లలేదు. గాసి అక్కడే నిలబడి ఉన్నాడు, చేతిలో అడ్డాకు పొట్లంతో.

అనురాధకి ఫోను చేశాడు. అందుబాటులో లేరంది. మళ్లీ చేశాడు, మళ్లీ అదే. శివకుమార్‌కి చేశాడు.

"మెయిల్లో వచ్చిందా అంకుల్? ఐతే డిలీట్ చేసెయ్యండి. మళ్లీ పాత కథ జరిగితే నన్నడక్కండి" అని ఆ కుర్రాడు ఎవరితోనో మాట్లాడుతూనే చెప్పి పెట్టేశాడు.

పక్కన సెల్లు కొట్టు వరహాలరావు కర్ర వంతెన మీద నడుస్తున్నట్టు ఊగుతూ లోపలికొచ్చి తెర చూశాడు. అన్నీ తనకే తెలుసని నమ్మే రకం ఆయన. "ఓస్, ఇదేటి గురూ! కాపలా మొత్తం ఆపేయ్, పది సెకన్ల పని. అచ్చు తీసేక మళ్లీ ఏసుకో. ఎవుడికి తెలుస్తాది?" అన్నాడు.

సరిగ్గా ఈ మాటే మూడేళ్ల కిందట సర్వేశ్వరరావు తనకి తాను చెప్పుకున్నాడు.

ఇంకో తిరకాసు కూడా ఉంది. టీచరమ్మ మెయిల్లోనే రాసింది. ఎర్రపట్టీ వస్తే కంగారుపడకండి, ఫైలు మీద మౌసు కుడి మీట నొక్కి ప్రాపర్టీస్‌లోకి వెళ్తే అడుగున 'అన్‌బ్లాక్' అని చిన్న గడి ఉంటుంది, అక్కడ టిక్కు పెట్టండి అని. వరహాలరావు అది చూసి, "సూసినావా, రాసే ఉంది!" అని చప్పట్లు కొట్టాడు. కానీ ఆనాడు దొంగ ఫైలుతో వచ్చిన మెయిల్లో కూడా ఇలాగే రాసుంది, కంగారుపడకుండా అవును నొక్కమని. దొంగ కూడా నన్ను నమ్మమనే అంటాడు కదా. ఫైలు తీసేస్తే గాసి భూమి పోతుంది. ఆ టిక్కు పెడితే, ఈ మూడేళ్లలో మళ్లీ కూడబెట్టిన ఊరందరి కాగితాలూ పోవచ్చు. రెండోసారి కొండలెక్కి చెప్పే ఓపిక తనకి లేదు, ఆ మొహమూ లేదు. మూడు దాటింది.

"గాసీ, అరకు వెళ్లి..." అని మొదలుపెట్టి ఆగిపోయాడు. అరకు వెళ్లి వచ్చేసరికి జీపు వెళ్లిపోతుంది.

గాసి తెరకేసి వేలు చూపించాడు. "ఆ ఎర్రది ఏటంతాది?"

"ప్రమాదం అంటోంది."

"అలాగ కాదు. సదువు. నువ్వు అన్నీ సదువుతావు కదా."

సర్వేశ్వరరావు కళ్లజోడు సవరించుకున్నాడు. ఆ పట్టీ మీదున్న అక్షరాలని, వాటి పక్కనున్న మీట నొక్కితే వచ్చిన వివరాన్ని, జీవితంలో మొదటిసారి మెల్లగా చదివాడు. ఒక్కో మాటా తెలుగులో పైకి చెప్పాడు. దరఖాస్తు చదివినట్టే చదివాడు.

"ఈ ఫైలు బయటి నుంచి వచ్చింది. దీన్ని పంపినవారెవరో నాకు తెలియదు. అందుకని దీని మీటలు పనిచేయకుండా ఆపాను. పంపినవారు నీకు తెలిసి, నీకు నమ్మకం ఉంటే, ఈ ఒక్క ఫైలుకీ నువ్వు అడ్డు తియ్యవచ్చు."

కొట్లో వరసలో ఉన్నవాళ్లు కూడా అలవాటు ప్రకారం తలలూపారు.

గాసి మాత్రం తలూపలేదు. "తెలీదంతంది. సెడ్డది అన్నేదు కదా?"

"అన్లేదు."

"మరైతే పొమ్మంటావేటి? రాయి మీద కూకోబెట్టు. అడుగు."

ఈ మాట ఆయనకి ఎంత హాయిగా తగిలిందో చెప్పలేను. మూడేళ్లుగా ఎర్రది కనబడితే పారిపోవడమే తెలుసు. అంతకుముందు ఎర్రది కనబడితే తోసుకుపోవడమే తెలుసు. ఈ రెండూ కాక మూడోది ఉందని, దానికోసమే తనని ఆ పలకరాయి మీద ఒక రోజంతా కూర్చోబెట్టారని ఆయనకి అప్పుడు తట్టింది. కుర్చీ ముందుకి లాక్కున్నాడు.

మొదట చీటీ తీశాడు. మెయిల్ అడ్రసు చదివాడు, చీటీతో సరిపోయింది. ఫైలు పేరు చదివాడు, అదీ సరిపోయింది. తర్వాత ఆ ఒక్క ఫైలునీ కాపలా ప్రోగ్రాము చేత వెతికించాడు. అది గిరగిరా తిరిగి ఏమీ దొరకలేదంది. వరహాలరావు ఆవులించి బయటికెళ్లి బీడీ ముట్టించాడు.

"ఇప్పుడు నువ్వు చెప్పు గాసీ. నీ హద్దులు చెప్పు. తెర చూడకు, కళ్లు మూసుకుని చెప్పు."

మీట పనిచేయకపోయినా రాత కనిపిస్తూనే ఉంది. గాసి కళ్లు మూసుకున్నాడు. రేకుల కొట్లో తూర్పు ఎటో వెతుక్కుని, అటు తిరిగాడు.

"తూరుపున ఏనుగు రాయి."

"ఊ."

"ఆ రాయి ఒదిలి కిందకి దిగితే జీలుగు సెట్టు. మా బామ్మర్ది కల్లు దించీది."

"జీలుగు చెట్టు ఉంది. బామ్మర్ది లేడు."

వరసలో ఎవరో కిసుక్కుమన్నారు. గాసి నవ్వలేదు. ఆ కొట్లో ఉన్నవాళ్లకి కాకపోయినా అతనికి అరికాళ్ల కింద ఆ మట్టి తగులుతోంది. అడుగు తీసి అడుగు వేస్తూ దక్షిణానికి తిరిగాడు. "గెడ్డ. గెడ్డ పట్టుకుని ఎగువకి పోతే సెదల పుట్ట. పుట్ట కాడ రెండు పనస సెట్లు."

సర్వేశ్వరరావు వేలు తెరమీద ఆగిపోయింది. "ఎన్ని?"

"రెండు."

తెరమీద మూడని ఉంది. రత్నాలు ఆయన మొహం చూసి దగ్గరికి వచ్చింది. గాసి కళ్లు తెరిచాడు.

"ఇక్కడ మూడున్నాయి గాసీ."

గాసి నుదురు ముడిపడింది. తర్వాత విప్పారింది. "మూడే! టీచరమ్మ వచ్చినప్పుడు మూడు. పోయిన తుపానుకి ఒకటి కూలిపోనాది. మొద్దు ఇంకా అక్కడే పడుంది, దాని మీద కూకుని మిరియాలు ఒలుస్తాం. కాయితం పాతది కదా, దానికెలాగ తెలుస్తాది?"

నిజమే. మూడు చెట్లున్న రోజున రాసిన ఫైలు ఇది. ఎవడో నిన్న అల్లిన దొంగ ఫైలుకి ఆ కూలిన పనస సంగతి తెలిసే వీల్లేదు. ఆ వరస చివర రిమార్కులని ఒక గడి ఉంది. సర్వేశ్వరరావు దాన్నీ చదివాడు, ఆయన వదలడు కదా. "కుక్క తరిమింది. ఒక చెప్పు గెడ్డలో పోయింది."

గాసి అప్పుడు నవ్వాడు. గట్టిగా, కళ్లల్లో నీళ్లొచ్చేలా. "మా కుక్కే! పక్కరోజు సెప్పు నానే ఏరి తెచ్చి ఇచ్చినాను. ఈ మాట నాకూ టీచరమ్మకీ తప్ప ఎవులికీ తెలీదు."

"ఉప్పు ముసలోడి గుంటడు" అంది రత్నాలు మెల్లగా. ఆ కథ ఆమె వెయ్యిసార్లు విన్నది మరి.

సర్వేశ్వరరావు కాపలా ప్రోగ్రాము జోలికి వెళ్లలేదు. ఫైలు మూసి, దానిమీద కుడి మీట నొక్కాడు. అడుగున ఉన్న చిన్న గడిలో, ఆ ఒక్క ఫైలుకే, టిక్కు పెట్టాడు. మళ్లీ తెరిచాడు. ఎర్రపట్టీ లేదు. 'పటం' నొక్కాడు. ఒక క్షణం ఏమీ కాలేదు. ఆ క్షణం ఆయనకి ఆ పలకరాయి మీద గడిపిన రోజంత అయింది. తర్వాత తెరమీద ఒక గీత బయల్దేరి, ఏనుగు రాయి దగ్గర మలుపు తిరిగి, గెడ్డ వెంబడి వెళ్లి, మొదలైన చోటికే వచ్చి కలిసింది. ప్రింటరు మూలిగి కాగితం వదిలింది.

మూడున్నర అయింది. రత్నాలు కాగితం అందుకుని, "ఎల్లండి, బేగి ఎల్లండి!" అని గాసి చేతిలో పెట్టబోయింది. గాసి చేతులు వెనక్కి పెట్టుకున్నాడు.

"సదవనీ."

"అయ్యో, జీపెల్లిపోతాది బాబూ!"

"సదవకుండా ఎలాగ తీసుకుంతాను?"

ఇక చేసేదేముంది. సర్వేశ్వరరావు చదివాడు. అంత బేగి ఎప్పుడూ చదవలేదు గానీ, ఒక్క ముక్క వదల్లేదు. గాసి తలూపి వేలిముద్ర వేశాడు. ఇద్దరూ సంత మధ్యనుంచి, రాజ్మా గింజల గోనెల మీంచి, కోళ్ల బుట్టల పక్కనుంచి పరుగెత్తారు. యాభైనాలుగేళ్ల మనిషి, మంకీ టోపీ ఒక చెవిమీదికి జారిపోయి, గాసి వెనకే ఆయాసపడుతూ వెళ్తుంటే, సంతంతా తిరిగి చూసింది.

మండలాఫీసు ముందు బృందంలో ఒకాయన జీపు తలుపు పట్టుకుని ఉన్నాడు. కాగితం తీసుకుని, బొమ్మ చూసి, గాసిని ఒక్క ప్రశ్న అడిగాడు. "దక్షిణం హద్దు ఏమిటి?" గాసి గెడ్డ దగ్గర మొదలుపెట్టి పడిపోయిన పనస దాకా చెప్పుకుపోయాడు. ఆయన చేయెత్తి చాలన్నాడు. దరఖాస్తు విచారణలో ఉన్నట్టు ముద్ర వేసిన రసీదు ఇచ్చాడు. అది పట్టా కాదు. కానీ దరఖాస్తు బతికింది. రసీదుని కూడా సర్వేశ్వరరావు అక్కడే రోడ్డుమీద నిలబడి చదివాడు. గాసి విని, దాన్ని చెదలు తిన్న పాత అంచుతో కలిపి అడ్డాకులో చుట్టుకున్నాడు.

తిరిగొచ్చేటప్పుడు ఇద్దరూ మెల్లగా నడిచారు. మూడేళ్లుగా అడగలేకపోయిన మాట సర్వేశ్వరరావు అప్పుడు అడిగాడు.

"గాసీ, మీ కాగితాలన్నీ నా చేతులతో పాడుచేశాను. అరకులో ఇంకా మంచి కొట్లున్నాయి. మళ్లీ నా దగ్గరికే ఎందుకొచ్చావు?"

గాసి ఆ ప్రశ్నే అర్థం కానట్టు చూశాడు.

"అప్పుడు నువ్వొచ్చి రాయి మీద కూకున్నావు కదా" అన్నాడు. "నిన్ను ఎవులూ కూకోమన్నేదు. నీ అంతట నువ్వే కూకున్నావు. ఆ రోజే మా ఊరోల్లు అనుకున్నారు, ఈడు మనోడే అని."

సర్వేశ్వరరావు టోపీ సరిచేసుకునే వంకతో మొహం తుడుచుకున్నాడు. ఆ ముప్ఫై ఏళ్లలో ఆయనకి అంత సంతోషం ఎప్పుడూ కలగలేదు. మిగతా నలభై ఒక్క ఇళ్లవాళ్లనీ వచ్చే సంతకి రమ్మను, వాళ్ల పటాలు కూడా తీసి పెడతాను, టీచరమ్మ ఫైలుకి ఇంకో రెండు నకళ్లు చేసి వేరే చోట కూడా దాస్తాను అని మాత్రం చెప్పాడు.

కొట్టుకి వచ్చేసరికి వరస అలాగే ఉంది. ముందు నిలబడిన అమ్మాయి తన ఫోనులోంచి ఏదో దరఖాస్తు పంపింది. ఆయన తెరవబోతే మళ్లీ ఎర్రపట్టీ వచ్చింది. రత్నాలు అలవాటుకొద్దీ తువ్వాలు తీసింది.

సర్వేశ్వరరావు కుర్చీ కదపలేదు. కళ్లజోడు పైకి తోసుకుని, పట్టీ మీదున్నది మొదటి నుంచి చివరిదాకా పైకి చదివాడు.

"ఇది నీకెవరు పంపారమ్మా?" అని అడిగాడు. "కూర్చో. నీళ్లు తాగి, నిదానంగా చెప్పు."